సాగరతీరమున స్పర్ధ

సంక్రాంతి దినములలో గోదావరి మండలములందు పందెము లేని పల్లె అరుదు. ఒకచోట ఎడ్ల పరుగు, ఒకచోట పడవల పోటీ, మఱియొకచోట ముగ్గుల పోటీ జరుగును. 2025వ సంవత్సరపు సంక్రాంతికి ఆత్రేయపురమున కాలువలో పడవ పందెములు జరిగినప్పుడు జనులు గట్లమీద బారులు తీరి చూచిరి. ఇట్టి పందెము జరుగు కాలము చాల స్వల్పము. ఎడ్లజత పరుగు కొలది నిమిషములలో ముగియును. కాని దానిని గూర్చిన మాటలు పది దినములకు ముందే రచ్చబండకడ మొదలగును. ఏ యూరి జత మేలైనది? నిరుడు ఓడినవాడు ఈ యేడు ఏమి చేయనున్నాడు? దాపటి ఎద్దు బలమైనదా, వలపటి ఎద్దు బలమైనదా? ఈ ప్రశ్నలకు ఎవరి సమాధానము వారిది. పందెమునాటి కేకలకంటె ముందునాళ్ల ఎదురుచూపే జనులకు ఎక్కువ ఉల్లాసము నిచ్చును.

పందెమునకు ప్రాణము స్పర్ధ. స్పర్ధ యనగా ఎదుటివానిని మించవలెనను పూనిక. దీనికి పొరుగుననే ఈర్ష్య యనునది యొకటి కలదు. అది ఎదుటివాడు చెడవలెనను కోరిక. ఈ రెండును పైకి ఒకే తీరుగ కనబడును. రెంటిలోను చూపు ఎదుటివానిమీదనే యుండును. రెంటిలోను నిద్ర పట్టదు. కాని ఒకటి మనుష్యుని పైకెత్తును, రెండవది క్రిందికి లాగును. ఈ భేదమును గ్రహించుటకు 2023వ సంవత్సరమున హైదరాబాదు నగరమున జరిగిన విద్యుత్కార్ల పందెము మంచి నిదర్శనము.

విద్యుత్కారు నేడు క్రొత్తగా పుట్టిన వింత కాదు. పంతొమ్మిదవ శతాబ్ది ముగియు నాటికే పారిస్ నగరమునకు చేరువనున్న ఆషేర్ అను చోట ఇద్దఱు అట్టి కార్లతో పంతము పట్టిరి. ఒకడు ఫ్రాన్సు దేశపు ప్రభువంశీయుడగు గాస్టన్ ద షాస్లూ లోబా. రెండవవాడు బెల్జియము వాడగు కమిల్ జెనాట్సీ. 1898 డిసెంబరు 18వ తేదీన మొదటివాడు గంటకు 63 కిలోమీటర్ల వేగము సాధించెను. జెనాట్సీ ఆ మాట విని సవాలు చేసెను. 1899 జనవరి 17న అతడు 66 కిలోమీటర్లు దాటెను. అదే దినమున ప్రతిపక్షి 70 కిలోమీటర్లు దాటెను. పది దినములకు జెనాట్సీ 80 కిలోమీటర్లు దాటెను. మార్చి నెలలో షాస్లూ లోబా 92 కిలోమీటర్లు దాటెను. అంతట జెనాట్సీ తుపాకిగుండువలె కోసుగానుండు క్రొత్త బండి నొకదానిని చేయించి గంటకు 105 కిలోమీటర్లకు పైబడిన వేగమును సాధించెను. రోడ్డుమీద నడచు బండి గంటకు నూఱు కిలోమీటర్లు దాటుట లోకమున అదియే మొదటిసారి. ఆ బండికి పెట్టిన ఫ్రెంచి పేరునకు ‘ఎన్నడును తృప్తి లేనిది’ అని అర్థము. అఱువది మూడునుండి నూట అయిదునకు చేరుటకు ఆరు నెలలైనను పట్టలేదు. ఆ ఇరువురిలో ఏ యొక్కడు లేకున్నను రెండవవాడు మొదటి మెట్టుననే నిలిచిపోయెడివాడు కాడా?

అట్టి విద్యుత్కార్లతో జరుగు ప్రపంచ పోటీకి నేడు ఫార్ములా ఈ యని పేరు. 2014 సెప్టెంబరు 13వ తేదీన చైనా రాజధాని యగు బీజింగు నగరమున దీని తొలి పందెము జరిగెను. మన దేశపు మహీంద్రా జట్టు ఆ మొదటి దినమునుండియు పాల్గొనుచున్నది. చెన్నైవాడగు కరుణ్ చందోక్ ఆ తొలి యేడు ఆ జట్టున కారు నడపెను. కాని స్వదేశపు గడ్డమీద ఆ జట్టు పోటీచేయుటకు ఎనిమిదేండ్లకు పైగా వేచియుండవలసి వచ్చెను. అంతకుమునుపు గ్రేటర్ నోయిడాలో 2011 మొదలు 2013 వఱకు ఫార్ములా వన్ పందెములు మూడేండ్లు జరిగి నిలిచిపోయినవి. ఆ తరువాత మోటారు పందెములలో ప్రపంచ పోటీ యేదియు మన దేశమునకు రాలేదు. కావున 2023 ఫిబ్రవరి 11వ తేదీ శనివారము హైదరాబాదున ఫార్ములా ఈ పందెము జరుగునని తెలిసినప్పుడు ఆ క్రీడ నెఱిగినవారందఱును ఆ దినమునకై ఎదురుచూడసాగిరి.

పందెమునకు ప్రత్యేకముగ మైదానము కట్టలేదు. నిత్యము బస్సులును ఆటోలును తిరుగు హుస్సేన్ సాగరపు ఒడ్డునే బాట ఏర్పఱచిరి. సాగరమధ్యమున బుద్ధవిగ్రహము నిలిచియుండగా, ఎన్.టి.ఆర్. మార్గము, లుంబినీ పార్కు, ఎన్.టి.ఆర్. గార్డెన్స్ పరిసరములగుండ ఆ బాట చుట్టివచ్చును. ఒక చుట్టు నిడివి 2.83 కిలోమీటర్లు. అందు 18 మలుపులు. ఇరుప్రక్కల కాంక్రీటు దిమ్మలు వరుసగా నిలిపి, వానిపై ఇనుప వలలు కట్టిరి. కొన్ని దినములపాటు ఆ మార్గమున రాకపోకలు నిలిపివేయబడెను. అంతకు ముందు 2022 నవంబరులో ఇండియన్ రేసింగ్ లీగ్ వారి కార్లు అక్కడనే పరుగుపెట్టి, ఆ బాట ఎంత క్లిష్టమైనదో నగరవాసులకు కొంత తెలియజేసెను. మైదానమున కట్టిన బాటలో సారథి తప్పినచో ఇసుకలోనికో పచ్చికలోనికో పోవును. ఈ బాటలో తప్పిన సారథికి ఎదురైనది గోడ యొక్కటే.

పోటీ చేయువారు 22 మంది. వారు పదునొకండు జట్లు, జట్టునకు ఇద్దఱు. సారథితో కలిపి ఒక్కొక్క కారు బరువు కనీసము 840 కిలోలు. పందెమున మోటారు బలము 300 కిలోవాట్లు, అనగా సుమారు 400 గుఱ్ఱముల బలము. ఈ కార్లకు పెట్రోలు లేదు, పొగ లేదు, చెవులు చిల్లులుపడు మ్రోత లేదు. ఈలవంటి సన్నని ధ్వని మాత్రము వినబడును. సారథి వేగము తగ్గించినప్పుడు మోటారే డైనమోగా మారి, చక్రముల తిరుగుడునుండి విద్యుత్తును పుట్టించి బ్యాటరీకి తిరిగి పంపును. పందెమున ఖర్చగు శక్తిలో నూటికి 40 పాళ్లు ఇట్లు తిరిగి లభించునని నిర్వాహకులు ప్రకటించిరి.

ఈ పందెములోని ముఖ్యమైన కీలకము శక్తిని పొదుపు చేయుట. ఎల్లరకును సమానమైన శక్తియే వాడుకొన ననుమతి. ఆనాడు నడుమ ఆగి నింపుకొనుటకు వీలులేకుండెను. గోదావరి డెల్టాలో దాళ్వా పంటకు నీరు చాలని యేట కాలువల నీటిని వంతులవారీగ ఇచ్చుట రైతు లెఱిగినదే. వచ్చిన వంతు నీటిని తొలిదినముననే పాఱించి గట్లు తెగనిచ్చినవాడు వెన్ను తీయు వేళకు ఆకాశమువంక చూచుచు కూర్చుండును. తగుమాత్రము తడిపి మడిలో నీరు నిలుపుకొన్నవాడు పంట యింటికి తెచ్చుకొనును. ఈ కార్ల సారథియు అట్టివాడే. మొదటి చుట్లలో అతివేగముగ పోయినవాని బ్యాటరీ చివరి చుట్టున వట్టిపోవును. మెల్లగా పోయినవానికి శక్తి మిగులునుగాని, ముందుపోయినవాడు అందడు. ఎప్పుడు దూకవలెను, ఎప్పుడు ఓర్చుకొనవలెను అను వివేకమే ఇచ్చట గెలుపు.

మఱియొక చమత్కారము కలదు. బాటలో ఒక మలుపుకడ, సారథులు సాధారణముగ పోవు దారికి వెలుపల, కొంత చోటు గుర్తించియుందురు. దానిమీదుగ పోయిన కారునకు నియమిత కాలము 350 కిలోవాట్ల బలము లభించును. దీనికి అటాక్ మోడ్ అని పేరు. కాని ఆ చోటికి పోవుటకు దారి విడిచి పెడగా తిరుగవలెను. ఆ లోపల వెనుకవాడు దాటిపోవచ్చును. ముందు కొంత పోగొట్టుకొన సిద్ధపడినవానికే ఆ పిదప లాభము.

ఇక ఆ వారాంతమున ఎవరిమీద ఎవరికి పంతము? ఆ సంవత్సరపు పోటీలో హైదరాబాదునకు ముందు మూడు పందెములు జరిగియుండెను. జనవరి 14న మెక్సికో నగరమున ఇంగ్లండు వాడగు జేక్ డెన్నిస్ గెలిచెను; జర్మనీ వాడగు పాస్కల్ వేర్లైన్ రెండవవాడయ్యెను. జనవరి 27, 28 తేదీలలో సౌదీ అరేబియాలోని దిరియా యందు జరిగిన రెండు పందెములలోను వేర్లైన్ గెలిచెను. రెండింటను డెన్నిసే రెండవవాడు. గెలిచినవానికి 25 పాయింట్లు, రెండవవానికి 18. వేర్లైనునకు మొత్తము 68 పాయింట్లు. డెన్నిసునకు మెక్సికోలో అతివేగపు చుట్టునకు వచ్చిన యొక పాయింటుతో కలిపి 62. భేదము ఆఱు పాయింట్లు మాత్రమే. ఒక్క పందెమున అది తాఱుమాఱు కావచ్చును.

ఈ ఇరువురి నడుమ నున్న విశేష మేమనగా, ఇద్దఱి కార్లకును మోటారు పోర్షే వారిదే. వేర్లైన్ పోర్షే వారి సొంత జట్టువాడు. డెన్నిస్ ఆ మోటారునే కొని వాడుకొను ఆండ్రెట్టి యను అమెరికా జట్టువాడు. గింజ ఒకే గాదెలోనిది, సేద్యమే వేఱు. కావున మోటారు మంచిదని గాని చెడ్డదని గాని సాకు చెప్పుటకు ఇద్దఱికిని వీలులేదు. తేడా కనబడినచో అది సారథి నేర్పు, జట్టు పనితనము.

జాగువార్ జట్టున స్పర్ధ ఇంటిలోపలనే యుండెను. న్యూజిలాండు వాడగు మిచ్ ఎవాన్స్, ఇంగ్లండు వాడగు శామ్ బర్డ్ ఆ జట్టు సారథులు. మోటారు పందెములలో ఒక నానుడి యున్నది: ప్రతి సారథికిని మొదటి ప్రత్యర్థి తన జట్టువాడే. ఏలయన ఇద్దఱి బండ్లును ఒక్కటే. కనుక లోకము మొట్టమొదట వారినే ఒకరితో నొకరిని పోల్చును. కాని ఇద్దఱును తెచ్చు పాయింట్లు చేరునది ఒకే జట్టునకు. ఒకే కమతము పంచుకొన్న అన్నదమ్ములవలె వారు పోటీయు పడవలెను, గట్టు తెగకుండ కాపాడుకొనవలెను.

ఆ 22 మందిలో మున్ను ఆ పోటీలో చాంపియన్లయినవారు అయిదుగు రుండిరి. స్విట్జర్లాండు వాడగు సెబాస్టియన్ బుయెమీ, బ్రెజిలు వాడగు లూకాస్ డి గ్రాసీ, ఫ్రాన్సు వాడగు జాన్ ఎరిక్ వెర్న్, పోర్చుగలు వాడగు ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టా, బెల్జియము వాడగు స్టాఫెల్ వాన్‌డూర్న్. వీరిలో వెర్న్ రెండుసార్లు, వరుసగ 2018, 2019 సంవత్సరములలో, ఆ పదవి నందెను. కాని 2021 ఏప్రిలులో రోమునగరమున గెలిచినది మొదలు అతనికి గెలుపు లేదు. ఆ యేటి మూడు పందెములలో మొదటి మువ్వురిలో నిలువనే లేదు. పైగా నిరుటి చాంపియనగు వాన్‌డూర్న్ అతని జట్టుననే చేరియుండెను. ఒకప్పుడు అతని జట్టువాడైన ద కోస్టా ఇప్పుడు పోర్షే జట్టున ప్రత్యర్థి. వెర్న్ కాలము తీరినదని తలచినవారుకూడ లేకపోలేదు.

మన దేశపు సారథి ఒక్కడును ఆ వరుసలో లేడు. కావున స్వదేశీయుల అభిమానము మహీంద్రా జట్టుమీద నిలిచెను. ఆ జట్టు సారథులు డి గ్రాసీయు, ఇంగ్లండు వాడగు ఒలివర్ రోలండును. మెక్సికోలో డి గ్రాసీ మూడవవాడై ఆశలు పెంచియుండెను.

శుక్రవారము వచ్చెను. ఆనాడు అభ్యాసము మాత్రమే. ఆ బాటమీద ఆ సారథులలో ఎవ్వరును అంతకుమునుపు ఫార్ములా ఈ కారు తోలియుండలేదు. ఏ మలుపున ఎంత వేగము తగునో, ఎచ్చట రోడ్డు ఎగుడుదిగుడో ఎల్లరును క్రొత్తగా నేర్చుకొనవలసినవారే. అభ్యాసములోనే వేర్లైన్ కారు అదుపు తప్పి గోడను బలముగ గ్రుద్దెను. దోషము కారు యంత్రాంగములో నున్నట్లు తోచుటచే, అదే మోటారు గల తక్కిన కార్లనుకూడ జాగ్రత్తకై షెడ్డునకు పిలిపించిరి. అనగా డెన్నిస్ కారును నిలిచిపోయెను. ఆ క్షణమున ఆ ప్రత్యర్థు లిరువురి సంగతి యేమో యోచింపుడు. వేర్లైన్ కారు చెడుట డెన్నిసునకు లాభమని పైపైన చూచువా డనుకొనును. కాని ఒకని కారులోని దోషము రెండవవాని కారులోను దాగియుండవచ్చును. ఎదుటివాని ఆపద తన ఆపదయే. ఆ దోషము తెలిసి తీరువఱకు ఇరువురికిని శాంతి లేదు. మెకానిక్కులు పాటుపడి కారును మరల సిద్ధపఱచిరి. శనివారము వేర్లైన్ మరల చక్రము చేతబట్టెను.

శనివారము ఉదయము పందెమున ఎవరు ముందు నిలువవలెనో తేల్చు పరీక్ష జరిగెను. సారథులను రెండు గుంపులుగ చేసి, ఒక్కొక్క గుంపున అతివేగముగ తిరిగిన నలుగురిని ఎన్నుకొందురు. ఆ ఎనమండుగురును ఇద్దఱిద్దఱుగ తలపడుదురు. ఇది గరిడీలో జెట్టీలు తలపడినట్లు. ఓడినవాడు తొలగును, గెలిచినవాడు మఱియొకనితో తలపడును. చివరకు మిగిలినవారు ఎవాన్సును వెర్నును. అందు ఎవాన్స్ గెలిచి మొదటి స్థానమును, దానికి చేరిన మూడు పాయింట్లను పొందెను. వెర్న్ రెండవ స్థానమున నిలిచెను. పాయింట్లలో ముందున్న వేర్లైన్ నడిమి వరుసలలో నిలువవలసివచ్చెను. జనుల అంచనాలు ఉదయముననే కొన్ని తలక్రిందులయ్యెను. అయినను పందెము మధ్యాహ్నము. అంతవఱకు ప్రతివాని ఆశయు సజీవమే.

మధ్యాహ్నము పందెము మొదలయ్యెను. ఎవాన్స్ ముందు నడచెను. కొన్ని చుట్లు గడచిన పిమ్మట, మూడవ మలుపుకడ, బర్డ్ ముందువానిని దాటవలెనని త్వరపడి, అదుపు తప్పి, తన జట్టువాడే యగు ఎవాన్స్ కారును గ్రుద్దెను. ఇరువురి పందెమును అక్కడనే ముగిసెను. ఉదయము ఎనలేని సంతోషముతో నున్న జాగువార్ జట్టునకు సాయంకాలము ఒక్క కారైనను మిగులలేదు. బర్డునకు ఎవాన్సుమీద ద్వేషము లేదు. పిదప అతడు తన తప్పు నొప్పుకొని క్షమాపణ చెప్పుకొనెను. కాని పూనిక ఓర్పును దాటిపోయినప్పుడు, ఈర్ష్య చేయు హానినే అదియు చేయగలదని ఆ మలుపు తెలిపెను. డెన్నిసును మఱియొక కారు గ్రుద్దుటచే అతడును వట్టిచేతులతో మరలెను.

ముందు నిలిచినవాడు వెర్న్. వెనుక న్యూజిలాండు వాడగు నిక్ కాసిడీ తఱుముకొని వచ్చుచుండెను. కాసిడీకడ శక్తి ఎక్కువ మిగిలియుండెను, వెర్నుకడ తక్కువ. ఉన్న కొద్దిపాటి శక్తిని వెర్న్ గుక్కెడు నీటిని పదిమంది పంచుకొన్నట్లు మలుపు మలుపునకు పంచుకొనెను. దాటుటకు వీలగు చోటులందు దారి కప్పివేయుచు, వీలుకాని చోటులందు శక్తి నాదా చేయుచు చివరి చుట్టు ముగించెను. ఇరువురి నడుమ ఎడము అరసెకనుకంటెను తక్కువ. కాసిడీ కడదాక వెంటనే యుండెను. కాని అతని కారు వెర్న్ కారును నెట్టలేదు, గ్రుద్దలేదు. అంత దగ్గఱగ, అంత వేగముగ, ఒకరినొకరు నమ్మి పోటీపడుటయే ఉత్తమమగు స్పర్ధ. ఆ నమ్మకము లేనిచో గోడల నడుమ ఆ క్రీడయే సాగదు.

గమ్యమును మూడవవాడుగ చేరినవాడు బుయెమీ. కాని అతని మోటారు అనుమతించిన హద్దును మించి బలము వాడినదని లెక్కలలో తేలుటచే న్యాయనిర్ణేతలు అతనికి శిక్ష విధించి, మూడవ స్థానమును ద కోస్టాకు ఇచ్చిరి. నియమము పెద్దపేరు చూచి వంగలేదు. నడిమినుండి బయలుదేరిన వేర్లైన్ తొందరపడక ఒక్కొక్కరిని దాటి నాలుగవవాడై, 12 పాయింట్లు కూడబెట్టుకొని 80కి చేరెను. డెన్నిస్ 62 కడనే యుండెను. ఆఱు పాయింట్ల భేదము పదునెనిమిదయ్యెను.

అంతటితో డెన్నిస్ కథ ముగిసినదని ఆనాడు చూచినవా డనుకొనవచ్చును. కాని అతడు కారును నిందింపలేదు, మోటారును నిందింపలేదు. ఆ మోటారుతోనే వేర్లైన్ గెలిచియుండెను గదా! ప్రత్యర్థి చేయగలిగినది తానును చేయవలెనని పట్టుపట్టెను. ఆ జూలైలో రోమునగరమున గెలిచి, నెల ముగియులోపల లండనునగరమున ప్రపంచ చాంపియనయ్యెను. వేర్లైన్ ఆ యేడు నాలుగవ స్థానమునకు జాఱెను. మఱుసటి సంవత్సరము, 2024 జూలైలో, అదే లండనునగరమున వేర్లైన్ ప్రపంచ చాంపియనయ్యెను. హైదరాబాదునకు ఆఱు పాయింట్ల భేదముతో వచ్చిన ఆ ఇరువురును ఒకరి వెనుక నొకరు ఆ పదవి నందిరి. ఆషేరులో జెనాట్సీయు షాస్లూ లోబాయు ఒకరినొకరు పైకెత్తినట్లే ఇదియును.

మహాభారతమున నలుని కథ పలువు రెఱిగినదే. బాహుకుడను పేరుతో నలుడు ఋతుపర్ణ మహారాజు రథమును తోలుచు విదర్భకు పోవుచుండగా, రాజు చెట్టునందలి ఆకులను కాయలను క్షణములో లెక్కించి తన విద్యను ప్రదర్శించెను. తేరు తోలుటయందు నలుని మించినవాడు లేడు. లెక్కయందు రాజును మించినవాడు లేడు. వారు ఒకరి నేర్పునకు ఒకరు కుములలేదు. ఒకడు అక్షహృదయమును, ఒకడు అశ్వహృదయమును ఒండొరులకు ఇచ్చిపుచ్చుకొనిరి. నలుని కష్టములు అచ్చటనే తీరుటకు మొదలయ్యెను. మనకంటె అధికునియందు మనకు కావలసిన విద్య యుండును. దానిని చూచి నేర్చుకొన్నవాడు నలుడగును. చూచి కుమిలినవాడు ఉన్నచోటనే యుండును.

హైదరాబాదులో 2024 ఫిబ్రవరి 10న మరల జరుగవలసిన పందెము జరుగలేదు. సాగరపు ఒడ్డున కాంక్రీటు దిమ్మలు లేవు, ఇనుప వలలు లేవు. వెర్న్ శక్తిని పొదుపు చేసిన మార్గముననే బస్సులు పోవుచున్నవి. కాని స్పర్ధకు సాగరతీరమే అక్కఱలేదు. ప్రతి పాఠశాలలోను, ప్రతి తరగతిలోను అది కలదు. లెక్కలలో మొదటి మార్కు వచ్చినవాని ప్రక్కనే రెండవ మార్కు వచ్చినవాడు కూర్చుండును. పరీక్షకు ముందు వారాంతమున ఇద్దఱికిని నిద్ర పట్టదు. మొదటివానికి జ్వరము వచ్చిన బాగుండునని రెండవవాడు తలచినచో, అతనికి వచ్చు మార్కులు పెరుగవు. మొదటివాడు ఏ లెక్కను ఏ తీరున చేసెనో అడిగి తెలిసికొన్నచో పెరుగును. చెప్పినవానికిని ఆ లెక్క మఱింత గట్టిపడును. ప్రత్యర్థి శత్రువు కాడు. మనము ఎంతవఱకు పోగలమో మనకు చూపించువాడు అతడే.

ప్రశ్నలు

1. స్పర్ధకును ఈర్ష్యకును గల భేద మేమి? పాఠములోని సంఘటనలతో వివరింపుడు.
2. ఆషేరులో జరిగిన పంతమువలన విద్యుత్కారు వేగము ఎట్లు పెరిగెను?
3. కార్ల పందెములోని శక్తి పొదుపును దాళ్వా నీటి వంతులతో పోల్చుటలోని ఔచిత్యమును తెలుపుడు.
4. శుక్రవారమునాడు వేర్లైన్ కారునకు కలిగిన ఆపద డెన్నిసునకును ఆపదయే యనుటకు కారణమేమి?
5. మీ యూరిలో జరుగు పందెము నొకదానిని గూర్చి, దానికి ముందునాళ్ల ఎదురుచూపును వర్ణించుచు, ఇరువది పంక్తులు వ్రాయుడు.